జరీనా కిటికీలు, నేను కట్టిన పళ్ళు

2023 వేసవి. నారాయణగూడ మెయిన్ రోడ్డు వెనక సందులో, రెండో అంతస్తులో మా డెంటల్ ల్యాబ్. కింద చీరలకు ఫాల్, పికో కుట్టే దుకాణం, దాని పక్కన చాయ్ బండి. పైన మేం పళ్ళు కడతాం. ఇలాంటి ల్యాబ్ ఒకటి ఉంటుందనే చాలామందికి తెలియదు. పంటి డాక్టరే క్యాప్ తయారుచేసి పెడతాడని అనుకుంటారు. డాక్టరు మీ నోటి అచ్చు మాత్రమే తీస్తాడు. దాన్ని ఇంప్రెషన్ అంటాం. అది మా దగ్గరికి వచ్చాక అందులో డెంటల్ స్టోన్ అనే గట్టి రకం ప్లాస్టర్ పోస్తాం. ఆరాక తీస్తే మీ దవడ ఉన్నదున్నట్టు బయటికి వస్తుంది. దాని పేరు క్యాస్ట్. మా పనంతా దాని మీదే.

నాది సెరామిక్ సెక్షన్. పింగాణీ పొడిని తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, ఫర్నేసులో కాల్చి పంటికి రూపం తెస్తాను. ముందు పళ్ళయితే మరీ కష్టం. అంచుకు కాస్త నీలి ఛాయ, చిగుళ్ళ దగ్గర కాస్త పసుపు, వయసును బట్టి కంటికి ఆనీ ఆనని గీతలు. అన్నీ కుదిరితే ఆ పన్ను పక్క పళ్ళలో కలిసిపోతుంది. ఇది కట్టిన పన్ను అని ఎవరైనా పసిగట్టారంటే నేను ఓడిపోయినట్టు. గెలిస్తే మాత్రం ఎవరికీ కనపడను. ఈ సంగతి అప్పటివరకూ నన్నెప్పుడూ బాధపెట్టలేదు.

జరీనాది నా పక్క సెక్షన్. కట్టుడు పళ్ళ సెట్లు ఆమె చేస్తుంది. ఇద్దరం కలిసి కోర్సు చదివాం, కలిసే ఈ ల్యాబులో చేరాం. నేను అశోక్‌నగర్‌లో ఉంటాను, ఆమె దోమలగూడలో. మధ్యాహ్నం రెండు డబ్బాలూ ఒకే బల్ల మీద తెరిచేవాళ్ళం. ఆమె తెచ్చిన ఖట్టీ దాల్ నేను తినేదాన్ని, నేను తెచ్చిన పప్పు ఆమె తినేది.

పని అయిపోయిన క్యాస్టులు కొన్నేళ్ళు ర్యాకుల్లో ఉంటాయి. ఆ తర్వాత గోనెసంచుల్లో నింపి చెత్తబండికి ఎత్తేస్తాం. ఆ సంచుల్లోంచి జరీనా ఒక్కో క్యాస్టూ ఏరడం మొదలుపెట్టింది.

"దయ్యాల కొంప చేస్తవా ఏంది ఇల్లు?" అన్నాను.

"ఇప్పుడు డాక్టర్లు నోట్లె స్కానర్ పెడ్తున్నరు హేమా. జర ఆగితే అంతా కంప్యూటర్లనే అయితది. గీ నోళ్ళు మల్ల రావు," అంది.

చిక్కడపల్లిలో అపార్ట్‌మెంట్ల కోసం పాత ఇళ్ళు కూల్చేస్తుంటే, అక్కడ పారేసిన చెక్క కిటికీలను ఆటోలో వేసుకుని తెచ్చుకునేది. చువ్వలు తీసేసి, లోపల పలక బిగించి, దాని మీద ఈ దవడలను వరసలుగా అతికించేది. పై దవడ, కింద దవడ కాస్త ఎడంగా, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగినట్టు. మా దగ్గర మిగిలిపోయే గులాబీరంగు మైనం కరిగించి కొన్నింటికి చిగుళ్ళు పూసింది. దూరం నుంచి చూస్తే బస్తీకి బస్తీ కిటికీల దగ్గర చేరి కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉండేది. వాటికి 'ముచ్చట్లు' అని పేరు పెట్టింది. ఆమె ఆడపడుచు కూతురికి బొమ్మలు నేర్పే టీచరు అవి చూసి, దోమలగూడలో ఒక చిన్న హాలులో, పారేసిన వస్తువులతో చేసిన కళాకృతుల ప్రదర్శనలో పెట్టించింది.

మొదటి రోజు నేనూ వెళ్ళాను. మంచి చీర కట్టుకుని, మనస్ఫూర్తిగానే వెళ్ళాను. కిటికీల ముందు నిలబడి ఒక్కో దవడా చూసుకుంటూ పోయాను. ఆ నోళ్ళన్నీ నాకు తెలుసు. ఈ దవడ పన్ను సరిగ్గా కుదరలేదని డాక్టరు దగ్గర్నుంచి మూడుసార్లు తిరిగొచ్చింది. ఆ కోర పన్ను కోసం ఒక పండగ పూట కూడా ల్యాబులో కూర్చున్నాను. సగం క్యాస్టులు నా కేసులే. డాక్టరు అరగదీసిన పంటి చుట్టూ, క్యాప్ ఎక్కడిదాకా రావాలో తెలియడానికి మేం ఎర్ర పెన్సిల్‌తో సన్నటి గీత గీస్తాం. మార్జిన్ అంటాం. ఆ గీతలు కూడా అలాగే ఉన్నాయి.

ఒక పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది. "ఈ ఎర్రగీత ఎంత బాగుందమ్మా! దారం కట్టినట్టు. ఎలా తట్టింది నీకు?"

"అది నాది కాదు మేడం. మా హేమ గీసింది. ఈమెనే," అని జరీనా నన్ను ముందుకు లాగింది.

ఆవిడ నా వైపు చూసి తల ఊపింది. "మంచిదమ్మా," అని మళ్ళీ జరీనా వైపు తిరిగి, "ఇవన్నీ అతికించడానికి ఎన్నాళ్ళు పట్టింది?" అంది.

జరీనా నా పేరు దాచిపెట్టి ఉంటే బాగుండేదనిపించింది. కోపం తెచ్చుకోవడానికి ఒక కారణం దొరికేది. ఆమె చెప్పింది. విన్నవాళ్ళకే అక్కర్లేకపోయింది.

తర్వాతి వారం పేపర్లో ఫొటో పడింది. కిటికీ పక్కన జరీనా, ఆమె భుజం వెనక ఆ నోళ్ళు. మా ఓనర్ సారు దాన్ని కత్తిరించి ల్యాబ్ తలుపుకు అతికించారు. పొద్దున చెప్పులు విప్పేటప్పుడు, సాయంత్రం వేసుకునేటప్పుడు అదే ఎదురు. ఒకరోజు ఒక డాక్టరు గారు ఫోన్ చేశారు. ఆయన పేషెంట్ల ముందు పళ్ళన్నీ ఏళ్ళ తరబడి నా చేతి మీదుగానే వెళ్ళాయి.

"జరీనా గారేనా? పేపర్లో చూశానమ్మా, చాలా సంతోషం."

"కాదు సార్, హేమలత. సెరామిక్."

"ఓ, అచ్ఛా. ఫోన్ జరీనా గారికిస్తారా?"

ఇచ్చాను. ఆ మధ్యాహ్నం అర్జెంట్ కేసుందని చెప్పి డబ్బా నా టేబుల్ దగ్గరే ఒక్కదాన్నే తెరుచుకున్నాను. మర్నాడు కూడా అంతే.

ఇంట్లో నేనూ ఒకటి చేసి చూశాను. విరిగిపోయిన షేడ్ గైడు పళ్ళు, అంటే పేషెంటు పంటి రంగు పోల్చుకునే నమూనాలు, బాగా కుదరక పక్కన పడేసిన క్యాపులు తెచ్చి అట్టమీద పువ్వులా పేర్చాను. రంగులు బాగా కలిశాయనే అనుకున్నాను. మా ఆయన చూసి, "డాక్టర్ దుకాణానికి బోర్డా?" అన్నాడు. ఆయన వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. అట్ట మడిచి బీరువా మీద పెట్టేశాను. చెత్తలో పారేసిన వాటిలోంచి ఆమె చేసింది, నేర్చుకున్న పనిలోంచి నేను చెయ్యలేకపోయాను. అది మింగుడుపడలేదు.

అప్పుడు వచ్చాడు రవీందర్ సార్.

అశోక్‌నగర్‌లో గవర్నమెంట్ పరీక్షలకు చదివే పిల్లల్లో ఆయన్ని ఎరగని వాళ్ళుండరు. పాలిటీ చెబుతాడు. ప్రతి కరెంటు స్తంభానికీ ఆయన ఫ్లెక్సీ ఉంటుంది, నిండుగా నవ్వుతూ. ఆ నవ్వులో ముందు నాలుగు పళ్ళు నావి. కాలేజీలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో డాక్టరు ఆయన్ని షేడ్ చూడటానికి మా ల్యాబుకు పంపించారు. కిటికీ వెలుగులో నిలబెట్టి రంగు చూశానే గాని, ఆయన నా మొహం చూడలేదు. కళ్ళు దించుకునే ఉన్నాడు.

ఆ రోజు ల్యాబులో ఓనర్ సారు లేరు. జరీనా సెలవు పెట్టి హాల్లో ఉంది. టీవీ వాళ్ళు వస్తున్నారట. రవీందర్ సార్ పేపరు ముక్క నా టేబుల్ మీద పెట్టాడు.

"మేడం, గిది నా నోరు."

జరీనా భుజం వెనక ఉన్న క్యాస్టు మీద ఆయన వేలు. పైన మధ్యలో సగం విరిగిన నాలుగు పళ్ళు, పక్కన అడ్డం తిరిగిన కోర. వైద్యం మొదలుపెట్టక ముందు తీసిన స్టడీ మోడల్ అది. నేను చూడగానే గుర్తుపట్టాను. గోనెసంచిలోకి దాన్ని వేసింది కూడా నేనే అయ్యుండాలి.

"మీకెట్ల తెలిసింది సార్?"

"ఇరవై అయిదేండ్లు అద్దంల చూసుకున్న. నాకు తెల్వదా? ఎవర్నడిగి పెట్టిన్రు? ఆ హాల్ యాడుందో చెప్పున్రి. పోలీసోళ్ళను తీస్కొని పోత. మూపిస్త దుకాణం."

నిజమే రాస్తాను. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. నేనేమీ చెయ్యక్కర్లేదు. దారి చెబితే చాలు. టీవీ కెమెరాల ముందు ఈయన అరుస్తాడు, హాలు వాళ్ళు కిటికీలు దింపించేస్తారు, తలుపు మీద ఫొటో ఊడిపోతుంది. నోట్లో తియ్యగా అనిపించింది. కానీ ఆ మనిషి అరుస్తూనే నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. అంత మంచి పళ్ళు పెట్టుకుని కూడా. అది నా కేసు. నా పేషెంటు.

"పోలీసులెందుకు సార్. అది మీదే. నేను గుర్తుపడత. నడువున్రి, నేనే తీయిస్త," అని ఏప్రన్ విప్పాను.

ఆటోలో ఆయనే చెప్పుకొచ్చాడు. అచ్చంపేట దగ్గర ఊరట. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి పళ్ళు విరిగాయి. బళ్ళో, కాలేజీలో చెయ్యడ్డం పెట్టుకునే మాట్లాడాడు. పాఠం చెప్పేటప్పుడూ అంతే. పిల్లలు 'చెయ్యడ్డం సార్' అని పేరు పెట్టారు. పళ్ళు కట్టించుకున్నాకే అశోక్‌నగర్‌కొచ్చి పాఠాలు చెప్పడానికి కోచింగ్‌లో చేరాడు.

"పెండ్లి కూడా తర్వాతనే అయింది. మా ఆమెకు గూడ తెల్వదు మేడం," అన్నాడు మెల్లిగా.

హాల్లో జరీనా కెమెరా ముందు నిలబడి ఉంది. ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగి సైగ చేశాను. సంగతి విని ఆమె మొహం పాలిపోయింది.

"క్యాస్టుల మీద రాసున్న పేర్లన్నీ గీకేసిన సార్. అల్లా కసమ్, ఒక్క పేరు ఉంచలే."

"పేరు గీకినవ్. నోరు నాదే ఉంది గదమ్మా," అన్నాడాయన.

జరీనా సంచిలోంచి చిన్న ఉలి తీసింది. అతికించిన క్యాస్టు కదా, ఊరికే రాదు. నేను కిటికీని పట్టుకుని నిలబడ్డాను, ఆమె చుట్టూ చెక్కింది. చుట్టూ జనం చూస్తున్నారు. క్యాస్టు ఊడి వచ్చాక అక్కడ తెల్లటి గుంట మిగిలింది. ఆ గుంట చూస్తే నాకు హాయిగానే ఉంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు చూసి కూడా ఆ హాయి పూర్తిగా పోలేదు.

రవీందర్ సార్ తన పాత నోటిని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు. చేతిరుమాలులో చుట్టి బ్యాగులో పెట్టుకుని అడిగాడు. "ఇప్పుడున్నవి ఎవరు చేసిన్రు?"

"ఈమెనే సార్," అంది జరీనా, ముక్కు తుడుచుకుంటూ. "మా ల్యాబుల ఈమె చెయ్యి ఎవ్వరికీ రాదు."

ఆయన మొదటిసారి నన్ను సరిగ్గా చూశాడు. పూర్తిగా నవ్వాడు. కెమెరా లైటు ఆయన మొహం మీదే పడుతోంది. ఎడమవైపు పంటి మీద సహజంగా ఉండాలని నేను పెట్టిన చిన్న తెల్ల మచ్చ కనిపించింది. అక్కడున్న వాళ్ళలో అది ఎక్కడుందో తెలిసింది నాకొక్కదానికే.

"మీకు దండం పెట్టాలె మేడం. గీ పళ్ళే నాకు అన్నం పెట్టినయ్." తర్వాత గొంతు తగ్గించాడు. "గానీ యాడ గూడ చెప్పకున్రి."

అప్పుడే టీవీ అమ్మాయి మైకు పట్టుకుని మా దగ్గరకొచ్చింది. "మేడం, మీరెవరు? మీరు కూడా ఆర్టిస్టేనా? ఈ సార్ మీకు దండం పెడుతున్నారేంటి?"

కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతోంది. రవీందర్ సార్ చెయ్యి మళ్ళీ నోటి దగ్గరకు వెళ్ళింది. జరీనా నన్నే చూస్తోంది. ఎన్నాళ్ళనుంచో నేను ఎదురుచూసిన ప్రశ్న అది.

"నేనెవర్నీ కాదమ్మా. జరీనాతో పనిచేస్త," అన్నాను.

జరీనా మర్నాడే కిటికీలన్నీ తనంతట తనే దింపించేసింది. ఒకరిని అడగకుండా పెట్టడం తప్పయితే అందరి సంగతీ అంతేనంది. ఏ నోరు ఎవరిదో గుర్తుపట్టి, డాక్టర్ల ద్వారా పేషెంట్లకు ఫోన్లు చేశాం. నా కేసుల వాళ్ళతో నేనే మాట్లాడాను. కొందరు తిట్టారు. కొందరు నవ్వి సరేనన్నారు. ఒకావిడ చనిపోయిన తన తండ్రి దవడ ఉందని తెలిసి, దాన్ని పై వరసలో పెట్టమని అడిగింది. ఒప్పుకున్న వాళ్ళ క్యాస్టులతో చలికాలంలో మళ్ళీ ప్రదర్శన జరిగింది. ఇప్పుడు మా ల్యాబులో అడగకుండా ఏ క్యాస్టూ బయటికి వెళ్ళదు. పారేసినా అది ఒకరి నోరేనని నేర్చుకున్నాం.

ఇంకొకటి నేనొక్కదాన్నే నేర్చుకున్నాను. ఆ ఫోన్లు చేసే రోజుల్లో ఒక మధ్యాహ్నం మళ్ళీ ఒకే బల్ల మీద డబ్బాలు తెరిచాక ఉండబట్టలేక అనేశాను.

"నిన్ను చూస్తే నాకు కుళ్ళు పుట్టింది జరీనా. ఇప్పటికీ ఉంది."

ఆమె రొట్టె తుంచుతూ తలెత్తకుండానే అంది. "ఇప్పుడు పుట్టిందా నీకు? నాకైతే చేరిన కాడ్నించి ఉంది. సెరామిక్‌ల ఒక్కటే జాగా ఉండె, నిన్ను తీస్కున్నరు. నీ కుంచె చూసినప్పుడల్లా కడుపు మండుతది. ఏం జేస్తం మరి, ఆకలైతది గదా. తిను."

ఇన్నేళ్ళూ ఆ మంటతోనే ఆమె రోజూ నా పక్కన కూర్చుని తింది. నాకు మంట పుట్టిన కొద్ది రోజులకే నేను బల్ల మార్చేశాను. సెరామిక్‌లో కొత్తగా చేరిన అమ్మాయిలకు నేను షేడ్లు, పొరలు, ఫర్నేసు వేడి అన్నీ నేర్పగలను. జరీనాకు చేతనైన ఆ పని మాత్రం నేనే ఇంకా నేర్చుకుంటున్నాను.