లేదన్న కేబుల్

నాకు తెలిసి మా ఆయన ఒకే ఒక్క అబద్ధం ఆడారు. దాన్నే పదహారు చలికాలాలు ఆడారు. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆ అబద్ధం నమ్మినవాళ్ళలో పుస్తకాలు చదివే రకం ఒక్కరూ లేరు కనక ఇప్పుడు రాసినా ఫరవాలేదు.

ఆయన లారీ డ్రైవరు. సిమెంటు, కలప, ఉల్లిపాయలు, ఏది ఎత్తితే అది తోలేవారు. మనిషి పొట్టి. కేబిన్ ఎక్కడానికి ఆయనకి ఇంకో మెట్టు కావాలని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. చెవులు మాత్రం పెద్దవి. ఆగిపోయిన బండి దగ్గరికి వెళ్ళి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "ఒకసారి సెల్ఫ్ కొట్టు" అనేవారు. ఇంజన్ రెండు చుట్లు మూలిగేసరికి జబ్బు ఎక్కడుందో చెప్పేసేవారు. అందుకే రోడ్డు మీద ఆయన పేరు డాక్టరు. ఇంట్లో మాత్రం నేను మూడుసార్లు పిలిస్తే గాని ఆ చెవులకి వినపడేది కాదు.

మేముండే చోటు నుంచి మా అమ్మావాళ్ళ ఊరికి కొండ మీదుగా రోడ్డు. చలికాలంలో ఆ రోడ్డు మీద గడ్డకట్టనిదంటూ ఉండదు. సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు డీజిల్ కూడా ట్యాంకులో పేరుకుపోతుంది. ఇంజన్ ఆగిన అరగంటకల్లా కేబిన్‌లో మన ఊపిరి మనకే పొగలా కనపడుతుంది. అందుకని అక్కడి డ్రైవర్లు రెండు మాటల మీద నడిచేవాళ్ళు. ఆగిన బండి కనిపిస్తే ఆగాలి. ఆగినవాడు తన ఇంజన్ ఆపకూడదు. రెండోదాన్ని మా ఆయన కొత్తవాళ్ళకి నూరిపోసేవారు. "సాయం చెయ్యడానికి వచ్చావా, పక్కన పడుకోడానికి వచ్చావా? తాళం జోలికి పోకు" అనేవారు.

ఆ మాట ఆయనే తప్పారు. ఆ రోజు నేను కేబిన్‌లోనే ఉన్నాను.

మా అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. బస్సులు తిరగడం లేదు. ఆయనకి అటువైపు లోడు ఉంటే నేనూ ఎక్కాను. ఆ పొద్దున మా లారీ బ్యాటరీ పనిచెయ్యలేదు. యార్డులో వాలు మీద దొర్లించి స్టార్ట్ చేశారు. "సాయంత్రం దాకా ఆపకపోతే సరి. రేపు కొత్తది వేయిస్తా" అన్నారు. ఆ రేపు అనే మాట నేను నెల రోజులుగా వింటున్నాను.

తొమ్మిదింటికి ఎత్తు ఎక్కుతుంటే దారి పక్కన ఒక వ్యాను కనపడింది. దాని డ్రైవరు రోడ్డు మధ్యకొచ్చి రెండు చేతులూ ఊపుతున్నాడు. మెడకి ఒక మఫ్లరు, తలకి ఒక మఫ్లరు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అతని పేరు మఫ్లరే. వ్యాను నిండా కోడిపిల్లలు. ముందురోజు గుడ్డు పగలగొట్టుకుని వచ్చినవి. పెట్టెకి వంద చొప్పున నలభై రెండు పెట్టెలు. కొండ అవతల కోళ్ళ ఫారానికి తీసుకెళ్తున్నాడు. వాటికి వెచ్చదనమంతా ఇంజన్ నుంచే రావాలి. ఇంజన్ ఆగి గంటైంది.

"పోయిన నెల ఒక లోడు చలికి పోయింది అన్నా. ఇది కూడా పోతే మళ్ళీ గేటు తొక్కొద్దన్నాడు మా ఓనరు. ఇంట్లో ముగ్గురు పిల్లలు" అన్నాడు.

మా ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టారు. మఫ్లర్ సెల్ఫ్ కొట్టాడు. అప్పటికే కొట్టి కొట్టి ఉన్నాడు, బ్యాటరీలో మిగిలింది రెండు మూలుగులే. మా లారీ రొదలో అవి వినపడలేదు. మా ఆయన వెనక్కి వచ్చారు, కేబిన్‌లోకి చెయ్యి పెట్టారు, తాళం తిప్పేశారు. ఎందుకు తిప్పానో ఆయనకే తెలియదని తర్వాత అన్నారు. వినాలంటే నిశ్శబ్దం కావాలి, అంతే తోచింది.

కొండ మీద ఒక్కసారిగా కోడిపిల్లల కిచకిచ తప్ప ఇంకేమీ లేదు.

"ఇప్పుడు కొట్టు" అన్నారు. విన్నారు. "డీజిల్ ఫిల్టర్ పేరుకుంది" అన్నారు. సరిగ్గానే చెప్పారు. మా రేడియేటర్ లోంచి వేడినీళ్ళు పట్టి ఫిల్టర్ మీద పోసి దాన్ని కరిగించారు కూడా. ఇక మిగిలింది వ్యానుకి కరెంటు ఇవ్వడం. ఒక బండి బ్యాటరీ నుంచి ఇంకో బండికి కరెంటు అందించే లావుపాటి కేబుల్ ఒకటి మా సామాన్ల పెట్టెలో ఎప్పుడూ ఉండేది. పెట్టె తెరిచి చూశారు, లేదు. వారం కిందట ఎర్ర లారీ తోలే గడ్డం ఆయనకి ఇచ్చినట్టు అప్పుడు గుర్తొచ్చింది.

"సరే, ముందు మన బండి స్టార్ట్ చేసి పిల్లల్ని ఇందులో పెడదాం" అంటూ ఎక్కి తాళం తిప్పారు. టక్ అంది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ టక్.

"ఆగిపోయింది" అన్నారు నా వైపు చూడకుండా.

"ఆగిందా, ఆపారా?" అన్నాను.

ఆయన కిందికి దిగి, ఏదైనా బండి వస్తుందేమోనని రోడ్డు మధ్యకి నడిచారు.

కాసేపటికి పాల ట్యాంకరు వచ్చింది. దాన్ని తోలేది మాకు తెలిసిన నల్లటి పొడుగాటి మనిషి. ఇంజన్ ఆపకుండా దిగాడు.

"కేబుల్ తియ్యి" అన్నారు మా ఆయన.

"నా దగ్గరెక్కడిది? నీ దగ్గరుంటుందిగా డాక్టరూ."

వెనకే గ్యాసు సిలిండర్ల లారీ వచ్చింది. అతని దగ్గరా లేదు. "ఈ రోడ్డు మీద నువ్వు తిరుగుతుంటే మళ్ళీ నేనొకటి కొనుక్కోవడం దేనికి?" అన్నాడు. మూడోది పోస్టు వ్యాను. అతనైతే నవ్వేశాడు. "డాక్టరే మందడిగితే ఎలా?" అన్నాడు. తాడు కట్టి లాగుదామన్నా, పొద్దున్నలా వాలు మీద దొర్లిద్దామన్నా ఎత్తు మీద రోడ్డంతా గాజులా గడ్డకట్టిన మంచు, చక్రాలు జారుతున్నాయి.

మా ఆయన ముఖం నేను చూశాను. చలికి కాదు అలా పాలిపోయింది.

ఈలోగా ఒక పెట్టెని ఒళ్ళో పెట్టుకుని శాలువా కప్పాను. మూడు బండ్లూ రోడ్డు మీద గుర్రుమంటూ నిలబడి ఉన్నాయి. "మన ఇంజన్ చస్తే చచ్చింది. వాళ్ళ కేబిన్లు వెచ్చగానే ఉన్నాయిగా. తలా కాసిని పట్టుకెళ్ళలేరా?" అన్నాను.

మఫ్లర్ బెదిరిపోయాడు. "ముక్కూ మొహం తెలీని వాళ్ళకి ఎలా ఇచ్చేస్తాను వదినా? ఒక కాగితం లేదు, సంతకం లేదు. రేపు ఓనరు అడిగితే?"

"చచ్చినవి పట్టుకెళ్ళి చూపిస్తే కాగితం అడగడా?" అన్నారు మా ఆయన. మొదటి పెట్టె మఫ్లరే ఎత్తి ఇచ్చాడు.

ఆ తర్వాత మా ఆయన వ్యాను వెనక మోకాళ్ళ మీద కూచున్నారు. ఒక్కో పెట్టెకీ చెవి ఆనించి వింటున్నారు. "ఇవి గట్టిగానే తిడుతున్నాయి, ఆగుతాయి. ఇది మెత్తబడింది, ముందు దీన్ని పంపు" అంటూ వరస తేల్చారు. ఇంజన్లకి తప్ప దేనికీ పనికిరావనుకున్న చెవులు అవి. మఫ్లర్ ప్రతి పెట్టె మీదా ఫారం గుర్తులు రాశాడు. కొండ దిగాక కలప మిల్లు, దాని పక్క మట్టిదారి, ఆకుపచ్చ గేటు.

పాల ట్యాంకరాయన ఆరు పెట్టెలు కేబిన్‌లో పేర్చుకుని, "పాలకి కోడి వాసన పట్టిందంటే నా పని అయిపోతుంది డాక్టరూ" అన్నాడు.

"పాలు వెనకున్నాయి, వాసన ముందుంది. నువ్వు పద."

అతన్ని కొండ కింద తనిఖీ గేటు దగ్గర గడ్డం కోసం కబురు పెట్టమన్నారు. అప్పట్లో మా దగ్గర ఫోన్లు లేవు. గ్యాసు లారీలో ఆరు, పోస్టు వ్యానులో ఎనిమిది వెళ్ళాయి. తర్వాత వచ్చిన ప్రతి బండినీ ఆయన రోడ్డు మధ్యన నిలబడి ఆపారు. కొందరు తెలిసినవాళ్ళు, చాలామంది తెలియనివాళ్ళు. వద్దన్నవాడు ఒక్కడే. వాడి కేబిన్‌లో కుక్క ఉంది. ఎదురు దిక్కున పోయేవాడొకడు కూడా ఒక పెట్టె పుచ్చుకున్నాడు. అవతలి టీ బడ్డీ దగ్గర ఇటొచ్చేవాడికి అప్పజెబుతానన్నాడు.

"నువ్వూ ఏదో ఒక బండెక్కి వెళ్ళిపో. మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నారు నాతో.

"కంట్లో చుక్కలు మా తమ్ముడు కూడా వెయ్యగలడు" అన్నాను. నా ఒళ్ళో పెట్టె నా ఒళ్ళోనే ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

ఒంటిగంటకి ఎర్ర లారీ వచ్చింది. గడ్డం చేతిలో కేబుల్‌తో దిగాడు. "నీ కేబుల్ నా దగ్గరే ఉండిపోయింది డాక్టరూ. వారం నుంచి ఇద్దామనుకుంటూనే ఉన్నా."

"మంచిపని చేశావు" అన్నారు మా ఆయన. కేబుల్ అందుకుని వ్యాను బానెట్ ఎత్తారు.

రెండు బండ్లూ కదిలాయి. ఆకుపచ్చ గేటు దగ్గర ఫారం ఆవిడ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. "పొద్దున్నుంచీ పాల బండి వచ్చింది, గ్యాసు బండి వచ్చింది, పోస్టు వ్యానులో ఉత్తరాల బదులు కోడిపిల్లలొచ్చాయి. ఇప్పుడు మీరా? ఇంకెవరైనా ఉన్నారా వెనక?" అంది. మఫ్లర్ పెట్టెలు లెక్కపెట్టాడు. నా ఒళ్ళోదాంతో నలభై ఒకటి. గోడకి ఆనుకుని కింద కూచుండిపోయాడు. మిగిలిన ఆ ఒక్కటీ మర్నాడు పొద్దున చేరింది. ఎదురు దిక్కున పోయినవాడి బండి కూడా దారిలో ఆగిపోయిందట. పెట్టెని దుప్పట్లోకి లాక్కుని దాంతోపాటే పడుకున్నాడట. మొత్తం మీద పోయినవి ముప్పై ఒక్క పిల్లలు. మామూలు రోజున కూడా ఇంచుమించు అన్నే పోతాయని ఫారం ఆవిడ ఓనరుకి చెప్పింది. మఫ్లర్ ఉద్యోగం నిలిచింది.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణి అన్నా" అన్నాడు ఆయన చేతులు పట్టుకుని.

"నేను లేకపోతే నీ బండి ఒక్కటే ఆగేది" అన్నారు మా ఆయన.

మా అమ్మని చూసి తిరిగొస్తూ కొండ దిగాక, "ముగ్గురూ నన్ను చూసుకునే కేబుల్ కొనుక్కోలేదు" అన్నారు. ఆ రేపు అన్న కొత్త బ్యాటరీ మర్నాడే వచ్చింది. కేబుల్‌ని మాత్రం పెట్టెలో పెట్టలేదు. పాత దుప్పట్లో చుట్టి, కేబిన్‌లో పడుకునే బెర్తు కిందకి తోసేశారు.

అక్కణ్ణించి మొదలైంది అబద్ధం. ఆగిన బండి దగ్గర ఎప్పటిలాగే ఆగేవారు. దిగేవారు, వినేవారు, జబ్బు చెప్పేవారు. కేబుల్ అడిగితే మాత్రం "లేదు" అనేవారు. బండివాణ్ణి తన కేబిన్‌లో కూచోబెట్టి, ఇంజన్ నడుపుతూ, కేబుల్ ఉన్నవాడు వచ్చేదాకా వాడితోపాటు గంటా రెండు గంటలూ కాచుకునేవారు. లోడు ఆలస్యమైందని తిట్లు తినేవారు. పసిపిల్లతో ఆగిన ఒక కుటుంబానికి మాత్రం దాన్ని బయటికి తీశారని నాకు తెలుసు. "ఎవరో మర్చిపోయి వెళ్ళారు" అని చెప్పారట.

జనం ఊరుకుంటారా. "డాక్టరు పిసినారి అయ్యాడు", "అరిగిపోతుందని ఇంట్లో దాచుకున్నాడు" అన్నారు. గడ్డమైతే తన మీద కోపంతోనే అలా చేస్తున్నాడని రెండేళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉన్నాడు. ఒకరోజు టీ బడ్డీలో ఎవరో "లేదు డాక్టరొచ్చాడు" అంటే నేను విన్నాను. ఆయనా విన్నారు. టీ తాగి గ్లాసు కింద పెట్టేశారు.

ఇంటికొచ్చాక అడిగాను. "ఇన్నేళ్ళ మంచి పేరు ఎందుకు పోగొట్టుకుంటున్నారు?"

"నా దగ్గర ఉందని తెలిస్తే వాళ్ళు కొనరే. నేను రోజూ ఆ కొండ మీదే ఉంటానా?" అన్నారు. అని, లైటు తీసేసి అటు తిరిగి పడుకున్నారు. ఆ పేరు ఆయనకి గుచ్చుకుందని నాకు తెలుసు. ఆ రాత్రి చాలాసేపు గురక వినపడలేదు.

ఆయన పోయింది రోడ్డు మీద కాదు. ఛాతీలో జబ్బు, మంచం మీద, చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో. ఇరవై రోజులకి లారీని కొన్నవాళ్ళకి అప్పజెప్పాల్సి వచ్చింది. దాన్ని యార్డు నుంచి తీసుకెళ్ళడానికి మఫ్లరూ, గడ్డమూ, పాల ట్యాంకరాయనా, గ్యాసు లారీ ఆయనా వచ్చారు. నేను కేబిన్ ఎక్కి ఆయన సామాను సర్దుతున్నాను. గడ్డం తాళం తిప్పాడు. టక్ అంది.

నలుగురూ నాలుగు వైపులకీ, ఎవరి బండి దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. నాలుగు కేబుళ్ళు పట్టుకుని తిరిగొచ్చారు.

"నాది లావుది" అన్నాడు గ్యాసు లారీ ఆయన.

"లావైతే సరా? నీది పొట్టి. అందదు."

"నాది మొన్ననే కొన్నా, ఒక్కసారైనా వాడనివ్వండి" అన్నాడు మఫ్లర్. అతనికి ఇప్పుడు జుట్టు నెరిసింది, మఫ్లరు ఒక్కటే. చివరికి అతని కేబులే పెట్టారు.

"పాపం, ఆ కోడిపిల్లల రోజు తర్వాత డాక్టరు దగ్గర ఎప్పుడూ ఉండేది కాదు" అన్నాడు గడ్డం, వైరు బిగిస్తూ. "ఎంత చెప్పినా బండిలో పెట్టుకునేవాడు కాదు."

నేను బెర్తు మీదే కూచుని ఉన్నాను. కిందున్న దుప్పటి చుట్టని కాలితో ఇంకాస్త లోపలికి తోశాను.

ఇంజన్ అందుకుంది. "మళ్ళీ స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం" అని గడ్డం తాళం మీద చెయ్యి వేయబోతే మిగిలిన ముగ్గురూ ఒక్కసారే "ఆపకు" అన్నారు.

నేను దుప్పటి చుట్ట తీసుకుని దిగుతుంటే మఫ్లర్ వచ్చి అందుకున్నాడు. అందుకోగానే చెయ్యి కిందికి జారింది.

"ఇంత బరువుందేంటి వదినా, ఏముంది ఇందులో?"

"ఏం లేదు. పాత దుప్పటి" అన్నాను.