పదకొండు మోతలు

చీమకుర్తి క్వారీలో మా నాన్న ఆదెయ్య తాగి పనిలోకి వెళ్లి చచ్చిపోయాడని ఊళ్లో చెప్పుకుంటున్నారు. పోలీసుల కాగితంలో మాత్రం ‘ఎక్స్‌ప్లోజన్’ అని రాశారు. ఆ మాటకు అర్థం నాకు చిన్నప్పుడు నాన్నే చెప్పాడు.

“బ్లాస్టింగంటే మనం పేలిస్తే పేలేదమ్మా. ఎక్స్‌ప్లోజనంటే మనల్ని అడక్కుండా పేలేది. అది జరక్కుండా చూడ్డానికే నేనున్నా.”

రాతిలో పన్నెండు రంధ్రాలకు మందుగుండు కూరితే, పన్నెండు మోతలూ విని లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా ఎవరినీ దగ్గరికి పోనివ్వకూడదు. మంగళవారం పదకొండే పేలాయి. నాన్న పచ్చజెండా ఊపి, అందరికన్నా ముందు తనే నడిచాడు. పన్నెండోది అప్పుడు పేలింది.

దినం నాడు భోజనాల దగ్గర మేస్త్రి బాలు అన్నాడు. “పాతికేళ్ల పనోడు పన్నెండు లెక్కపెట్టలేకపోయాడంటే తాగే ఉంటాడు.”

“ఆదెయ్య తాగడం నువ్వెప్పుడు చూశావురా?” అన్నాడు పెదనాన్న.

“చూడకపోతే తాగనట్టా, బావా?”

నేను బాలు విస్తట్లో అన్నం వడ్డించి, పక్క విస్తరి దగ్గరికి కదిలాను.

నాన్నకు రెండేళ్లుగా చెవులు వినపడవు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని దాచాడు. నేను బడి మానేసి, రోజూ క్యారేజీతో వెళ్లి, పక్కన నిలబడి ఒక్కో మోతకు ఆయన వీపు మీద వేలితో తట్టేదాన్ని. మంగళవారం నేను జ్వరంతో ఇంట్లో పడుకున్నాను.