పూజగదిలోంచి వచ్చిన శాంపిల్

రెండేళ్ళ కిందటి వానాకాలం. గచ్చిబౌలి దగ్గర వన్యప్రాణుల డీఎన్ఏ పరీక్షలు చేసే ల్యాబ్‌లో నేను టెక్నికల్ ఆఫీసర్‌ని. పట్టుబడిన మాంసం, గోరు, కొమ్ము ఏ జంతువుదో తేల్చి కోర్టుకు రిపోర్ట్ ఇవ్వడం నా పని. పదిహేనేళ్ళుగా చేస్తున్నాను కనుక నాకు తెలియనిది లేదన్న పొగరు కూడా కొంచెం ఉండేది.

ఆ మంగళవారం ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ యాదగిరి గారు సీలు వేసిన కవరు తెచ్చారు. అందులో సింధూరం పూసిన వేలెడు వస్తువు, జోడించిన రెండు చేతుల్లా ఉంది. హత్తాజోడి అంటారు. అరుదైన చెట్టువేరనీ, ఇంట్లో ఉంటే కలిసొస్తుందనీ ఆన్‌లైన్‌లో అమ్ముతారు. చాలాసార్లు అది ఎండబెట్టిన మగ ఉడుము జననాంగం. ఉడుమును చంపడం, దాని భాగాలు అమ్మడం నేరం.

"అమ్మినోడు దొరికిండు మేడం, కానీ వాని రూం మొత్తం ఖాళీ. నల్లగండ్లల ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి కొన్నదట, ఆమెనే తెచ్చిచ్చింది. మాకున్న సాక్ష్యం గిదొక్కటే. వాడేమో చెట్టువేరే అంటున్నడు. సోమవారం కోర్టుల మీ రిపోర్ట్ లేకపోతే వాడు ఇంటికి పోతడు, మల్ల గదే దందా."

పైపొర గీకి పీసీఆర్‌కు పెట్టాను. ఉన్న కాస్త డీఎన్ఏకే లక్షల కాపీలు తీసే పద్ధతి అది. శుక్రవారం కంప్యూటర్ జవాబు చూసి కుర్చీలోంచి లేచాను. ఆవు!

మళ్ళీ చేస్తే మళ్ళీ ఆవే. ల్యాబ్‌లో ఏదైనా కలిసిందేమోనని చూస్తే అన్నీ శుభ్రంగానే ఉన్నాయి.

"ఆవేంది మేడం? జర మంచిగ చూడుండ్రి!" అన్నారు ఫోన్‌లో యాదగిరి గారు. నాకు ఏడుపొకటే తక్కువ. ఆ అమ్మాయితో మాట్లాడాలన్నాను, కలిపారు. పేరు శ్రీలత, కర్నూలు అమ్మాయి.

"అది మీ ఇంట్లో ఎక్కడుండేదండి?"

"పూజగదిలో మేడం, వెండి భరిణెలో. ప్రమోషన్ రావల్లని ప్రతి శుక్రవారం ఆవుపాలతో అభిషేకం చేస్తాంటి."

అప్పుడు అర్థమైంది. పాలలో ఆవు కణాలుంటాయి, కణాల్లో డీఎన్ఏ ఉంటుంది. నెలల తరబడి ఎండిన పాలనే నేను పరీక్షించాను! పదిహేనేళ్ళ అనుభవం ఉండి, చేసిన తెలివితక్కువ పని అది. పైపొరంతా తీసేసి, సన్నటి డ్రిల్‌తో లోపలి పొడి తీశాను. ఆదివారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఉడుము! ఖాళీ ల్యాబ్‌లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

సోమవారం రిపోర్ట్ కోర్టుకు చేరింది. అమ్మినవాడికి బెయిలు దొరకలేదు. విచారణలో సరుకు పంపేవాళ్ళ పేర్లు కూడా చెప్పాడు.

సంగతి శ్రీలతకు ఫోన్‌లో చెప్పాను. "నేను కొంటినని కదా మేడం, ఒక ప్రాణం పాయె," అంది. ఓదార్చబోయాను, ఆమె వినలేదు. "మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడతా. సిగ్గయినా సరే."

శాంపిల్ మన చేతికొచ్చే ముందు ఎవరింట్లో ఎలా బతికిందో అడగాలని నేర్చుకున్నాను. తరవాతి వారం యాదగిరి గారు నవ్వుతూ వచ్చి బల్లమీద నాలుగు కవర్లు పరిచారు. నాలుగూ హత్తాజోడీలే, శ్రీలత అపార్ట్‌మెంట్ వాళ్ళు తమంతట తామే తెచ్చిచ్చినవి.

నేను చేతికి గ్లౌజు తొడగకముందే అడిగాను.

"పాలా, నెయ్యా, తేనా?"