పచ్చి కుట్టున్న గర్భసంచి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జులై నెలలో, నన్ను ఘాజియాబాద్‌లోని ఓ ప్రభుత్వ ఆసుపత్రికి ప్రసూతి విభాగాధిపతిగా బదిలీ చేశారు. చేరిన కొత్తలోనే ఇందిరాపురం నుంచి శిరీష వచ్చింది. వరంగల్ అమ్మాయి. భర్త కిరణ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సిజేరియన్ అయి నెల కావస్తున్నా ఆమెకు రక్తస్రావం ఆగలేదు. మాయ ముక్క ఒకటి లోపల మిగిలిపోయిందని స్కానింగ్‌లో తేలింది. అంతకుముందు చూపించుకున్న చోట వెంటనే డి అండ్ సి, అంటే గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం, చేయించుకోమన్నారట.

"చిన్న పనే అన్నరు మేడమ్. నిజంగ గంతేనా?" అని అడిగింది.

పట్టే సమయం తక్కువే కాని తేలిక పని కాదని చెప్పాను. కాన్పు తర్వాత గర్భసంచి మెత్తగా ఉంటుంది, కోత కుట్టు ఇంకా పచ్చిగానే ఉంటుంది. తడుముకుంటూ పరికరం పెడితే చిల్లు పడవచ్చు. ఎక్కువగా గీకితే లోపలి పొర దెబ్బతిని గోడలు అతుక్కుపోవచ్చు. మళ్లీ గర్భం నిలవడం కష్టం కావచ్చు. అలాగని వదిలేస్తే ఇన్‌ఫెక్షన్ భయం.

కిరణ్ ముఖం పాలిపోయింది. శిరీష మాత్రం స్థిమితంగా, "నాకింకో బిడ్డ కావాలె మేడమ్. అది కూడ చూసుకొని చెయ్యుండ్రి" అంది.

జ్వరం లేదు, నాడి, రక్తపోటు బాగున్నాయి. కనుక ముందు గర్భసంచి ముడుచుకునే మాత్రలిచ్చి, రక్తం ఎక్కువైనా, ఒళ్లు వెచ్చబడినా ఆగకుండా రమ్మన్నాను. వారం తర్వాత రక్తస్రావం తగ్గింది కాని ముక్క కదల్లేదు. ఇక తీయక తప్పదు. గీకకుండా, స్కానింగ్‌లో చూస్తూ సన్నని గొట్టంతో పీల్చి తీయాలని నిర్ణయించాను.

ఆపరేషన్ థియేటర్‌లో శిరీష పొట్ట మీద స్కానింగ్ ప్రోబ్ పట్టుకుంది నా జూనియర్ డాక్టర్ నేహా. రోహ్‌తక్ పిల్ల, మొహమాటం తెలియదు. గొట్టం కాస్త లోపలికి వెళ్లగానే, "రుకియే మేడమ్! టాంకా యహీఁ హై" అని అరిచింది. కుట్టు సరిగ్గా అక్కడే ఉంది. ఆగాను. కొన వెనక్కి తీసి, దిశ మార్చి మళ్లీ పంపాను. ముక్క మొత్తంగా వచ్చేసింది. తెరమీద గర్భసంచి లోపలి గీత శుభ్రంగా, ఎక్కడా తెగకుండా కనిపించింది. "బస్ మేడమ్, సాఫ్!" అంటూ నేహా నవ్వేసింది.

మత్తు వదలగానే శిరీష అడిగిన మొదటి మాట, "పాప పాలు తాగిందా?" రెండోది, "ఆకలైతుంది మేడమ్." బయట కిరణ్ ఆ సంతోషంలో వార్డంతటికీ సమోసాలు పంచి, వాళ్లావిడకు తేవడం మరిచిపోయాడు. ఆ మాట పట్టుకుని నర్సులు అతన్ని సాయంత్రం దాకా ఆటపట్టించారు.

శిరీషకు నెలసరి మామూలుగా తిరిగి వచ్చింది. నేను రిటైరయ్యే నెలలో శిరీష మళ్లీ గర్భవతిగా వచ్చింది. పాత కుట్టుకు దూరంగా, పై భాగంలో గర్భం నిలిచిందని స్కాన్‌లో చూసి నేను గట్టిగానే ఊపిరి వదిలాను. గుర్రం పరుగులా టకటకమని గుండె చప్పుడు వినిపిస్తే, వాళ్ల పెద్దపిల్ల "మమ్మీ, ఘోడా!" అని చప్పట్లు కొట్టింది. గదిలో అందరం నవ్వాం.

ఆ కేసు నాకు నేర్పింది ఇది: రోగి నిలకడగా ఉన్నప్పుడు దొరికే వ్యవధి చికిత్సలో భాగమే, దాన్ని తొందరపడి పోగొట్టుకోకూడదు. ప్రమాదాలు విడమరిచి చెబితేనే ఆమె తనకేం కావాలో చెప్పగలుగుతుంది. అది తెలిశాకే పరికరం ఎంచుకోవాలి.