ఆడేవాళ్ళ మూల

మా వదిన వీడియోగేముల కొట్టులో రిపేర్లు చేసేది. రెండు చేతులతో పట్టుకుని బొటనవేళ్ళతో ఆడే హ్యాండిల్ ఉంటుంది కదా, అది. అందులో బొటనవేలితో తిప్పే పుల్ల అరిగిపోతే తెర మీది మనిషి ఎవరూ తోయకుండానే ఎడమవైపుకి నడిచిపోతాడు. బటన్ల కింద తిండి పొడి చేరితే నొక్కింది మళ్ళీ పైకి లేవదు. వదిన ఆ హ్యాండిల్ విప్పి, పాత టూత్‌బ్రష్ స్పిరిట్‌లో ముంచి తోమి, పుల్ల మార్చి బిగించేది. బాగయిందో లేదో చూడటానికి ఒక కారు పందెం ఆడేది. పందెంలో ఎప్పుడూ మొదటే వచ్చేది. హ్యాండిల్ పనిచేస్తోందని తెలియడానికి మొదట రావాల్సిన పనేముందని ఒకసారి అడిగాను.

"ఓడిపోతే తప్పు దానిదో నాదో తెలియదు కదే" అంది.

నా కొట్టు దాని పక్కదే. బట్టలు కుడతాను. ఆవిడ మా అన్నయ్య భార్య, నేను ఆడపడుచుని. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. పూర్తి మొగుడైన మా అన్నయ్యే ఆవిడకి ఎదురు చెప్పలేడు, సగం దాన్ని నేనేం చెబుతాను? మధ్యాహ్నం భోజనానికి ఆవిడ నా కొట్టుకి వచ్చేది. ఆవిడ కొట్టుకి మాత్రం నేను ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అద్దాల మీద తుపాకులు పట్టుకున్న బొమ్మలు, గుమ్మంలో నలుగురైదుగురు మగపిల్లలు. నన్నెవరూ రావద్దనలేదు. రమ్మని కూడా అనలేదు. నేను గడప దాకా వెళ్ళి, వదినని కేకేసి, వెనక్కి వచ్చేసేదాన్ని.

ఆవిడ బల్ల వీధి వైపు అద్దం పక్కన ఉండేది. సన్న స్క్రూలు కనిపించాలంటే పగటి వెలుతురు కావాలి. పదకొండేళ్ళు ఆ వెలుతురులోనే కూర్చుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆవిడ భుజం మీదుగా లోపలికి చూసి, "రిపేరు చేసే అన్న లేడా?" అనేవాళ్ళు.

"అన్న ఇవాళ జడ వేసుకొచ్చాడు. హ్యాండిల్ ఇటివ్వు" అనేది.

ఇలా నడుస్తుండగా ఒకరోజు కంపెనీ తరఫున టై కట్టుకున్నాయన ఒకడు వచ్చాడు. జనంలో సగం ఆడవాళ్ళట, వాళ్ళు గేములు కొనట్లేదట, కొనేలా వాళ్ళ కోసమే ప్రత్యేకంగా కొన్ని తయారుచేశారట. గులాబీరంగు డబ్బాలు దించాడు. కేకుకి క్రీము పూసే ఆట, పిల్లిని పెంచే ఆట, బొమ్మకి బట్టలు మార్చే ఆట. ఒక్కో డబ్బాతో పాటు చిన్న గోళ్ళరంగు సీసా ఉచితం. ఓనరుకి ఈ మాటలు బాగా తలకెక్కాయి. కొట్టు వెనక, మెట్ల కింద ఉన్న ఖాళీలో ఆడవాళ్ళకి వేరే మూల పెడదామన్నాడు.

"ఆడమనిషి ఉంటే వాళ్ళు మొహమాటపడరు. నువ్వు ఆ మూలలో కూర్చో అమ్మా. రిపేర్లకి ఒకతను వస్తానన్నాడు" అన్నాడు వదినతో.

"ఎన్నాళ్ళండీ?"

"ఒక నెల చూద్దాం. అందాకా రిపేర్లూ నువ్వే చూసుకో. నడిస్తే నీకిక అదే పని. నడవకపోతే నీ బల్ల నీదే."

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. బాగా అమ్మితే బల్ల పోతుంది. అమ్మకపోతే, ఆడవాళ్ళకి ఆటలెందుకన్న మాట ఖాయమైపోతుంది, అదీ ఆవిడ చేతి మీదుగా. మధ్యాహ్నం వచ్చినప్పుడు ఆవిడ భోజనం సగంలో ఆపేసింది.

"కావాలనే చెడగొట్టెయ్ వదినా. నెల తిరిగితే బల్ల నీది" అన్నాను.

"పదకొండేళ్ళు బాగుచేసిన చెయ్యే ఇది. చెడగొట్టమంటే వినదు" అంది.

నేను నిజానికి ఓనరు పక్షమే. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. "ఆడవాళ్ళకి అని రాసి ఉంటే నాలాంటిది లోపలికి వస్తుంది. లేకపోతే చచ్చినా రాదు."

"రావడానికి తలుపు తీస్తే చాలదా? మెట్ల కింద వేరే గది కట్టి, ఏం ఆడాలో కూడా కంపెనీవాళ్ళే చెప్పాలా?"

"నువ్వు మొదటినించీ లోపల ఉన్నదానివి. గడప ఎంత ఎత్తో నీకేం తెలుసు?"

ఆవిడ చేతిసంచి దగ్గరికి లాక్కుంది. డబ్బాలతో వచ్చిన గోళ్ళరంగు సీసా ఒకటి తీసి, రిపేరు చేసిన హ్యాండిల్ స్క్రూ మీద ఒక చుక్క పెట్టింది. అలా పెడితే స్క్రూ వదులవదట. అప్పటినించీ ఆవిడ విప్పి బిగించిన ప్రతిదాని మీదా గులాబీ చుక్క ఉండేది. టై ఆయన ఇచ్చినవాటిలో ఆవిడకి పనికొచ్చింది అదొక్కటే.

బోర్డు రాసే పెద్దాయనకి ఓనరు ఫోన్‌లో చెప్పాడు, "ఆడవాళ్ళ మూల" అని. మర్నాడు బోర్డు వచ్చింది. చక్కటి అక్షరాలు, "ఆడేవాళ్ళ మూల."

ఓనరు నెత్తి కొట్టుకున్నాడు. "ఆడవాళ్ళు అన్నాను కదయ్యా! ఈ ఏత్వం ఎక్కణ్ణించి తెచ్చావ్?"

"ఆటల కొట్టుకి ఆడేవాళ్ళు కాక పాడేవాళ్ళొస్తారా అనుకున్నానండీ" అన్నాడు పెద్దాయన. ఆయన తప్పేమీ లేదు. ఎవరికైనా అలాగే వినపడుతుంది. పక్క వీధిలో పెద్ద పని ఒప్పుకున్నాడు కాబట్టి పదిరోజులు ఆగమన్నాడు. ఖాళీ గోడ కంటే నయమని ఓనరు దాన్నే తగిలించాడు.

ఆ పదిరోజులు వదిన మూల తిరునాళ్ళే. ఒక టీవీ, రెండు హ్యాండిళ్ళు పెట్టి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు కూర్చోబెట్టేది. ఆసుపత్రి నర్సు ఒకావిడ డ్యూటీ దిగి నేరుగా వచ్చేది. వదిన పిల్లి ఆట చూపిస్తే మొహం అటు తిప్పుకుంది. "పొద్దుట్నించీ జనాన్ని బతికిస్తూనే ఉన్నానక్కా. కాసేపు కాల్చుకోనీ" అని తుపాకుల ఆట అడిగి తీసుకుంది. పిల్లి ఆట ఒక రిటైరైన లెక్కల మాస్టారికి నచ్చింది. లారీ డ్రైవరు ఒకాయన ఉండేవాడు, తలుపు పట్టనంత మనిషి. ఆయన కేకు ఆట దగ్గర అరగంట నిలబడి, చివరికి "మా ఆవిడకి" అని కొన్నాడు. న్యూస్‌పేపర్లో చుట్టి ఇమ్మన్నాడు. రెండోరోజు వచ్చి, క్రీము మీద పువ్వు చేసేటప్పుడు వేలు జారుతోంది ఏం చెయ్యాలని అడిగాడు. ఆవిడ వేలా మీ వేలా అని వదిన అడగలేదు.

నేను మాత్రం వెళ్ళలేదు. బోర్డు మీద ఆడేవాళ్ళు అని ఉంది. నేను ఆడేదాన్ని కాదుగా.

పదకొండో రోజు పెద్దాయన వచ్చి ఏత్వం గీకేసి తలకట్టు పెట్టాడు. "ఆడవాళ్ళ మూల" అయింది. ఆ సాయంత్రమే నేను గడప దాటాను. ఇది దాచుకోవాల్సిన సంగతేం కాదు. నాతోపాటు ఇంకో ముగ్గురు కొత్తవాళ్ళు వచ్చారు. అందులో ఒకావిడ రెండేళ్ళుగా ఆ అద్దాలు చూస్తూ ఇంటికి వెళ్తోందట. వదిన నా చేతికి హ్యాండిలిచ్చి కారు పందెం పెట్టింది. నేను అరగంటలో పద్నాలుగుసార్లు నదిలో పడ్డాను. అంతగా నవ్వి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు.

అయితే మాస్టారు మళ్ళీ రాలేదు. లారీ ఆయన బోర్డు చూసి, అక్కడిదాకా వచ్చి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగాడు. నర్సు కూడా ఒకసారి వచ్చి, తలెత్తి చదివి, గులాబీ డబ్బాల వరస చూసింది.

"నాది ఈ మూల కాదేమో అక్కా" అంది.

"నువ్వు ఆడదానివే కదమ్మా" అంది వదిన.

"అవుననుకో, కానీ ఇలా కాదు" అని వెళ్ళిపోయింది.

నెల ముగిసింది. మూల బ్రహ్మాండంగా నడిచిందని ఓనరు సంబరపడ్డాడు. నడిచింది బోర్డు మీద ఏత్వం ఉన్న మొదటి పదిరోజులని వదిన చెప్పింది. "అక్షరాలు అమ్ముతాయా అమ్మా? అమ్మింది నువ్వు" అన్నాడాయన. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. మర్నాడు కొత్త రిపేరు అతను అద్దం పక్కన బల్ల ముందు కూర్చున్నాడు. మంచివాడే. గంటకోసారి మెట్ల కిందికి వచ్చి, "అక్కా, ఈ స్ప్రింగు ఎటు?" అని అడిగేవాడు. ఆవిడ చెప్పేది. నాలుగోరోజు మధ్యాహ్నం నా కొట్టుకి వచ్చి, గిన్నె మూత కూడా తీయకుండా ఏడ్చింది. ఆవిడ ఏడవడం చూడటం నాకదే మొదటిసారి. నాకు బాధ కంటే కోపం ఎక్కువొచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

"నాకు ఇక్కడ వెలుతురుంది వదినా" అన్నాను.

నా కుట్టుమిషన్ గోడవైపుకి జరిపాను. కిటికీ కింద ఆవిడకో బల్ల వేశాం. టూత్‌బ్రష్, స్పిరిట్ సీసా, ఒక పాత టీవీ, రెండు హ్యాండిళ్ళు, గోళ్ళరంగు. అన్నయ్య ఒక మాట అనబోయి మానేశాడు. ఓనరు మాత్రం నిజంగానే బాధపడ్డాడు. ఆడవాళ్ళ కోసం ఇంత చేస్తే ఆడమనిషే వెళ్ళిపోయిందని వీధంతా చెప్పుకున్నాడు.

వారం దాకా ఒక్క హ్యాండిల్ రాలేదు. వదిన ఉన్న రెండింటినే విప్పి, మళ్ళీ బిగించేది. నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళు ఆ బల్లని ఒక చూపు చూసి, కొలతలిచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. తప్పు చేశామేమోనని ఇద్దరం అనుకుంటున్నాం, ఎవరమూ పైకి అనట్లేదు.

ఎనిమిదో రోజు లారీ ఆయన వచ్చాడు. చంకలో న్యూస్‌పేపరు పొట్లం. తలుపు దాకా వచ్చి ఆగాడు. వీధి చివరి దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఆగాడు.

"ఆయన లోపలికి రాడేంటి వదినా?"

ఆవిడ తలెత్తలేదు. "నీ తలుపు చదువుకుంటున్నాడు."

నా అద్దం తలుపు మీద ఎర్రరంగుతో ఉంది, "ఆడవాళ్ళకు మాత్రమే" అని. కొట్టు పెట్టిన రోజున ఆ పెద్దాయన చేతే రాయించాను. ఎనిమిదేళ్ళలో మళ్ళీ చదివితే ఒట్టు. నేను పక్క కొట్టు గడప ముందు ఎలా నిలబడేదాన్నో ఆయన అచ్చం అలాగే నిలబడ్డాడు, కాళ్ళు లోపలికి, మొహం బయటికి. నాకు సిగ్గేసింది.

బయటికి వెళ్ళాను. వెనకే వదిన బ్లేడూ, గోళ్ళరంగూ పట్టుకొచ్చింది. బ్లేడుతో "డ" మీద తలకట్టు గీకేసి, సీసా నా చేతిలో పెట్టింది.

"కొట్టు నీది. నువ్వు పెట్టు" అంది.

ఎర్ర అక్షరం మీద గులాబీ ఏత్వం పెట్టాను. కాస్త వంకరగా వచ్చింది. లారీ ఆయన పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం చదివాడు.

"ఆడేవాళ్ళకు మాత్రమే" అన్నాడు. "అయితే నేను రావొచ్చు."

తల వంచుకుని తలుపులో పట్టాడు. పొట్లం విప్పి హ్యాండిల్ తీసి, ఎవరూ తోయకుండానే క్రీము ఎడమకి పోతోందని చెప్పాడు.

మర్నాడు పొద్దున నా పాత ఖాతాదారొకావిడ జాకెట్టు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చి, తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఇదేంటమ్మా కొత్తగా? ఇక్కడ బట్టలు కుట్టించుకోవాలంటే ఆడాలా ఏంటి?"

"ఆడాలి" అని వదిన ఆవిడ చేతికి హ్యాండిలిచ్చింది.