వేపమండ లేని గుమ్మం

ఈ రోజు నా తెలివికి నేనే తల బాదుకున్నాను. దేశమంతా పాకిన ఈ విషజ్వరానికి మా దివిసీమ ఊళ్లన్నిటికీ బందరు నుంచి వచ్చే ఒక్క డాక్టరుగారే మందిస్తున్నారు. ఇల్లిల్లూ తిరిగి వాకబు చేసే ఓపిక ఆయనకెక్కడిది? అందుకని జ్వరమున్న ఇంటి గుమ్మానికే వేపమండ కట్టాలని, బడిపంతుల్ని కదా, నిన్న ఘంటసాలలో నేనే చాటింపు వేయించాను.

పొద్దున ఆయన పడవ దిగేసరికి వీధి పొడుగునా వేపమండలే. మొదటి ఇంట్లో జ్వరం లేదు. పక్కింట్లోనూ లేదు. ఆ తరువాతి ఇంటి పిన్నిగారిని కాస్త గట్టిగానే అడిగాను.

"జ్వరం లేకుండా ఎందుకు కట్టారండీ?"

"రాకుండా ఉంటుందని కట్టుకున్నాం పంతులుగారూ. వచ్చాక కడితే ఏం లాభం?"

నాకు ఒళ్లు మండిపోయింది. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డ డాక్టరుగారు మాత్రం అరుగు మీద కూలబడి, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, "పోనీ, కట్టని ఇల్లేమైనా ఉందాండీ?" అన్నారు.

వెతికితే వీధి చివర ఒకటి కనిపించింది. తలుపు తోసి చూస్తే ఇంటిల్లిపాదీ, నలుగురూ, చాపల మీద ఒళ్లు తెలియకుండా పడి ఉన్నారు. లేచి మండ కట్టే మనిషే లేడు.

డాక్టరుగారి మందు పడ్డాక సాయంత్రానికి ముగ్గురే కళ్లు తెరిచారు.

డాక్టరుగారు రేపు మళ్లీ వస్తారు. ఈలోగా ఊళ్లోవాళ్లంతా మీ మీ వీధుల్లో ఏ గుమ్మం ఖాళీగా ఉందో చూసి వచ్చి నాకు చెప్పండి.