కొల్లేటి లంకలో సైగాన్ చారు

మా మామగారికి అన్నం సయించకపోవడం వల్ల నేను కొల్లేరు చూశాను. లేకపోతే తాడేపల్లిగూడెం మిషన్ బడిలో పిల్లలకి ఎక్కాలు చెప్పుకునే పంతులమ్మకి లంకలతోనూ దోనెలతోనూ పనేముంటుంది? కిందటి వానాకాలంలో మా అత్తయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. అప్పటినుంచి మామగారిది ఒకటే వరస. కంచం ముందు కూర్చోవడం, రెండు ముద్దలు నోట్లో వేసుకోవడం, "చాలమ్మా" అని లేచిపోవడం. నేను గుమ్మం పక్కన గరిటె పట్టుకుని నిలబడే ఉంటాను. మామగారు భోంచేస్తున్నప్పుడు కోడలు అలాగే కనిపెట్టుకుని ఉండాలని మా అమ్మ నేర్పింది, అత్తయ్యా మెచ్చుకున్నారు. ఇన్ని మర్యాదలతో వడ్డించినా, పనసపొట్టు కూర చేసినా, కొర్రమీను పులుసు పెట్టినా అదే "చాలమ్మా". మనిషి చొక్కాలో ఎక్కడున్నారో వెతుక్కునేలా చిక్కిపోయారు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ పరీక్ష చేసి నన్ను పక్కకి పిలిచింది. "జబ్బేమీ లేదు. తిండి లోపలికి పోవాలి. ఇలాగే ఉంటే వచ్చే ఎండలకి ఈయన తట్టుకోలేరు" అంది. ఆ మాట విన్నాక నాకూ ముద్ద దిగలేదు.

మామగారు యానాంలో పుట్టారు. ఫ్రెంచివారి ఊరు కాబట్టి అక్కడి కుర్రాళ్ళు చాలామంది ఫ్రెంచివారి కొలువుకే ఓడెక్కేవారు. ఈయనా అలాగే సైగాన్ వెళ్ళి, బియ్యం గిడ్డంగిలో గుమాస్తాగా వయసంతా అక్కడే గడిపి వచ్చారు. మన పటాల్లో అన్నాం అని ఉంటుందే, అక్కడివాళ్ళు వియత్నాం అని చెప్పుకుంటారట, ఆ దేశం. ఒక సాయంత్రం ఏం వండమంటారని బతిమాలి అడిగితే, "అక్కడ పొద్దున్నే వీధిలో ఒక చారు తాగేవాణ్ణమ్మా, బియ్యప్పిండి దారాలు వేసి. అది నువ్వేం వండగలవులే" అన్నారు. మర్నాడు చేపలమ్మే సత్తెమ్మతో ఈ మాట అన్నాను, ఏదో మనసులో బరువు దించుకోవడానికి. సత్తెమ్మది కొల్లేటి పక్క ఊరు. తట్ట దించుకుంటూ, "అదేవన్నా బెమ్మపదార్థవాండీ? మా లంకలో సైగోనమ్మ రోజూ కాత్తంది" అంది. నేను నమ్మలేదు. సత్తెమ్మ ఒట్టేసింది. మా ఆయన రైల్వేలో గూడ్సు గుమాస్తా, ఎప్పుడు డ్యూటీయో ఎప్పుడు నిద్రో ఆయనకే తెలియదు. సెలవు దొరకలేదు కానీ టిక్కెట్లు మాత్రం తెచ్చి చేతిలో పెట్టి, "మీరిద్దరూ వెళ్ళిరండి" అన్నారు.

తెల్లవారుజామున పాసింజరు ఎక్కితే బాగా పొద్దెక్కకముందే ఏలూరులో దిగొచ్చు. స్టేషను బయట జట్కాలు వరసగా ఉంటాయి. కొల్లేటి గట్టుకి రానూపోనూ రూపాయి ముప్పావలా అడుగుతారు, మొహం తిప్పుకుని నాలుగడుగులు వేస్తే రూపాయి పావలాకి దిగుతారు. నేను బేరం ఆడుతూంటే మామగారు అప్పటికే బండెక్కి కూర్చున్నారు. ఇంక బేరం ఎక్కడ సాగుతుంది? రూపాయిన్నర అయింది. ఊళ్ళో తివాచీలు నేసే పేట దాటి, దక్షిణంగా చేల మధ్యనుంచి పోతుంది దారి. రాళ్ళదారి కాబట్టి నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఒక బొంత తెచ్చుకోవడం మంచిది. రెండు గంటల ప్రయాణం. దారిలో ఇడ్డెన్లు తిందామా అని అడిగాను. "ఆకలి లేదమ్మా" అన్నారు మామగారు. ఆ మాట నాకు అలవాటే, అయినా ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

గట్టు మీద దిగేసరికి ఎదురుగా నీళ్ళు. అవతలి ఒడ్డు కనబడలేదు. గూడబాతులు గుంపుగా నీళ్ళ మీద కూర్చుని, సంచుల్లాంటి గొంతులు ఊపుకుంటూ, మా రాకని ఏమాత్రం లక్ష్యపెట్టలేదు. రెండు తాటిబొందులు తొలిచి జంటగా కట్టిన దోనె ఒకటి ఉంది. దోనెవాడు గంగరాజు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "సైగోనమ్మ చారుకేనాండీ?" అన్నాడు.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"ఆయ్, తెలుత్తుందండీ. చుట్టాలింటికెళ్ళేవోరు చేతిలో ఏదో ఒకటి అట్టుకెళ్తారు కదండీ. మీరు ఉత్త చేతుల్తో ఉన్నారు." అని ఆగి, "గిన్నె తెచ్చేరాండీ?" అన్నాడు.

లంకలో అది ఆనవాయితీ. పరదేశపు మనిషి గిన్నెలో తినడానికి కొందరికి పట్టింపు. అలాగని చారు మానుకోలేరు. అందుకని ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుంటారు. గంగరాజు తన కంచుగిన్నె దోనె మూల నుంచి తీసి గర్వంగా చూపించాడు. మాకు అటువంటి పట్టింపు లేదన్నాను. "అయితే మీకు పింగాణీ యోగవేనండీ" అని గెడ వేశాడు. మనిషికి అణా తీసుకుంటాడు. తామరాకుల మధ్యనుంచి దోనె జారుతూంటే మామగారు చెయ్యి నీళ్ళలో పెట్టి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలో ఎప్పటి దిగులు లేదు.

లంక చివర, పడవలు కట్టే రేవులోనే సైగోనమ్మ పాక. పాక అంటే నాలుగు రాటలు, పైన తాటాకు, మధ్యలో పొడుగాటి బల్ల, దానికి అటూ ఇటూ కూర్చోవడానికి దుంగలు. అంతే. మిట్టమధ్యాహ్నం చేపల పడవలు ఒడ్డుకి చేరేవేళకి పొయ్యి మీద పెద్ద కాగు తెర్లుతూ ఉంటుంది. యాభై ఏళ్ళుంటాయేమో ఆవిడకి. చిన్న మనిషి, గుండ్రటి మొహం, మన నేతచీర మోకాళ్ళదాకా ఎగగట్టింది. యానాం మనిషిని పెళ్ళాడి అతని వెంట ఓడెక్కి వచ్చిందిట. ఆయన తరఫు భూమి ఏదో ఇక్కడ ఉండడంతో లంకలో స్థిరపడ్డారు. ఆయన పాక వెనక కూర్చుని కట్టెలు చీలుస్తున్నాడు. మేం దిగేసరికి ఆవిడ బాతుల్ని తోలుతోంది, "పొండీ, ఇటు రాకండీ, చెప్తే వినరాండీ" అని. తెలుగు నేర్చుకున్నప్పుడు అండీ ఒక్కటీ గట్టిగా పట్టుకుందేమో, మనిషికీ బాతుకీ తేడా చూపించదు.

మామగారు దగ్గరికి వెళ్ళి ఆవిడ భాషలో ఏదో అన్నారు. ఆవిడ చేతిలో కర్ర జారిపోయింది. తిరిగి ఏదో అడిగింది. ఈయన చెప్పారు. ఆవిడ మొగుడు కట్టెలు వదిలేసి లేచి వచ్చాడు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకుంటూంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, మామగారి గొంతు అంత గట్టిగా విని ఎన్నాళ్ళయిందో అనిపించింది. చివరికి ఆవిడ నావైపు తిరిగి, "కూచోండీ. ముందు దారాలు చూడండీ" అంది.

ఆ వంట చూసి తీరాలి. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పల్చగా కలిపి, కుండ మూతికి బిగించి కట్టిన గుడ్డ మీద పోస్తుంది. కింద ఆవిరికి అది నిమిషంలో పూతరేకంత పల్చటి రేకవుతుంది. కాకపోతే ఇది తడిగా, మెత్తగా ఉంటుంది. దాన్ని పుల్లతో లేపి, ఆరబెట్టి, మడతపెట్టి, కత్తితో సన్నగా తరుగుతుంది. చారు సంగతి వేరు. బాతు ఎముకలు, నిప్పుల్లో కాల్చిన అల్లం, ఉల్లిపాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క తెల్లారగట్ల నుంచి సన్నసెగ మీద కాగుతూ ఉంటాయి. చిన్నచేపలు ఉప్పులో ఊరేసిన జాడీలోంచి ఊట తీసి ఒక గరిటెడు కలుపుతుంది. ఆ జాడీ మూత తీసినప్పుడు మాత్రం గాలికి ఎదురుగా కూర్చోకండి. గిన్నెలో దారాలు వేసి, పైన బాతుముక్కలు పరిచి, మరిగే చారు పోసి, మొలకెత్తిన పెసలు, పుదీనా, నిమ్మచెక్క పక్కన పెట్టి ఇస్తుంది. గిన్నె రెండణాలు. ముక్కలు వద్దంటే అణా.

రెండు పింగాణీ గిన్నెలు బల్ల మీదికి వచ్చాయి. మామగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన చర్చి పెద్ద, ఆయన ప్రార్థనలో ఊరూ వాడా జబ్బుపడ్డవాళ్ళందరూ పేరుపేరునా వస్తారు. అత్తయ్య పోయాక అది కూడా పొట్టిదైపోయింది. ఆవేళ మాత్రం ఆ చారు వాసనకో ఏమో మళ్ళీ పాత పొడుగుకి వెళ్ళింది. ఆమెన్ అనేసరికి నేను అలవాటు చొప్పున లేచి, ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఏదైనా కావాలంటే అందించాలి కదా. ఆయన గిన్నెతోపాటు తినడానికిచ్చిన రెండు పుల్లలు చేతిలోకి తీసుకుని ఒక్కసారి కలిపి, వదిలేశారు. భుజాలు వాలిపోయాయి. "చాలమ్మా" అనబోతున్నారని నాకు వెనకనుంచే తెలిసిపోయింది. ఇంతదూరం వచ్చి ఇదేనా అని ఏడుపొచ్చింది.

సైగోనమ్మ పొయ్యి దగ్గరనుంచి చూస్తూనే ఉంది. గబగబా వచ్చి రెండు గిన్నెలూ లాగేసుకుంది. నా గిన్నెలో చారు మొత్తం పీల్చేసుకుని దారాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి.

"ఎందుకు నుంచున్నారండీ?"

"మా మామగారు తింటున్నారు. ఆయనయ్యాక నేను తింటాను."

"ఈయనయ్యాకా? అప్పటికి ఇది చారు కాదండీ, చాపండీ!" అని ఉబ్బిన దారాలు పుల్లతో ఎత్తి చూపించింది. తర్వాత మామగారివైపు తిరిగి, "మీరూ అంతేనండీ. దేవుడు ఆగుతాడండీ. ఇది ఆగదండీ."

రేవులో నవ్వులు లేచాయి. గంగరాజైతే నోట్లో చారు మింగలేక ఉక్కిరిబిక్కిరయ్యాడు. అప్పుడు చూశాను, ఆ బల్ల చుట్టూ పడవలవాళ్ళు, చేపలు కొనే షావుకారు, ఇద్దరు ముసలమ్మలు, అందరూ ఎదురెదురుగా కూర్చుని జుర్రుకుంటున్నారు. వడ్డించడానికి ఎవరూ నిలబడలేదు. నిలబడితే ఉబ్బిపోతుంది మరి. ఆవిడ కొత్తగా రెండు గిన్నెలు తెచ్చి, ఒకటి మామగారి ముందు, ఒకటి సరిగ్గా ఆయనకి ఎదురుగా పెట్టి, నా భుజం పట్టుకుని దుంగమీద కూలేసింది. "తినండీ. ఇద్దరూ. ఇప్పుడేనండీ."

మామగారికి ఎదురుగా కూర్చుని కంచం ముట్టడం నా కాపురంలో అదే మొదలు. సిగ్గుతో తల ఎత్తలేదు. పుల్లలు పట్టుకోవడం రాక దారం జారి గిన్నెలో పడి, చారు నా ముక్కు మీదికి చిందింది. ఎదుటినుంచి ఏదో చప్పుడు. దగ్గేమోనని తల ఎత్తాను. మామగారు నవ్వుతున్నారు. "అలా కాదమ్మా, వేలు ఇలా పెట్టు" అని చూపిస్తూ, తనొక గుక్క జుర్రి, మళ్ళీ చూపిస్తూ, మరో గుక్క. నాకు పట్టుబడేసరికి ఆయన గిన్నె అడుగు కనబడింది. చారు తియ్యగా, ఘాటుగా, ఉప్పగా ఒకేసారి గొంతు దిగుతుంది. ఆకలి చచ్చినవాడికి కూడా లేచొస్తుంది. అంతకన్నా బాగా చెప్పడం నాకు రాదు.

"అక్కడి రుచేనా అండీ?" అని సైగోనమ్మ అడిగింది. ఆవిడ చేతిలో గరిటె కదలడం లేదు.

"కాదమ్మా" అన్నారాయన నిజాయితీగా. "అక్కడ వేరే మాంసం, వేరే నీళ్ళు. ఇది కొల్లేటి రుచి." ఆవిడ మొహం చిన్నబుచ్చుకునేలోపే, "ఇంకో గిన్నె పెట్టు" అన్నారు. ఆవిడ నవ్విన నవ్వుకి బాతులు కూడా తిరిగి చూశాయి.

రెండో గిన్నె తింటూ మామగారు నాతో అన్నారు, చాలా మామూలుగా, నిమ్మచెక్క పిండుకుంటూ. "సైగాన్‌లో పొద్దున్న ఎవడో కూలీవాడు నా ఎదురుగా కూర్చునేవాడమ్మా. పేరు కూడా తెలీదు. ఇంటికొచ్చాక మీ అత్తయ్య తినకపోయినా నా కంచం పక్కనే కూర్చుని ఊళ్ళోవాళ్ళందర్నీ తిట్టేది. ఇప్పుడు నువ్వు గుమ్మంలో నిలబడతావు. ఎవరో బంట్రోతు కాపలా కాస్తున్నట్టుంటుంది. గొంతు దిగదమ్మా." మర్యాద అనుకున్నది ఆయనకి అంత ఒంటరితనమవుతుందని నాకెవరు చెప్పారు? కళ్ళనీళ్ళు వచ్చాయి. చారు ఘాటని చెప్పి తుడుచుకున్నాను.

పొద్దువాలకముందే దోనె ఎక్కి, గట్టు మీద కాచుకుని ఉన్న జట్కా అందుకుని, సాయంత్రం బండికి ఏలూరులో ఎక్కితే దీపాలవేళకి ఇల్లు చేరొచ్చు. దారిలో మామగారు స్టేషనులో అరటిపళ్ళు కొనుక్కున్నారు. అడక్కుండానే నాకొకటి ఇచ్చారు. నేనూ ఆయన ముందే తిన్నాను.

వెళ్ళివచ్చి కొన్ని వారాలయింది. సైగోనమ్మ చారు మా ఇంట్లో వండబోయి చెడగొట్టాను, అది నా చేతికి రాదు. రావలసిన పనీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. మామగారు ఆకలి పోగొట్టుకున్నది వంటలో కాదు, నేను వెతికింది మాత్రం వంటలోనే. మా అమ్మ వింటే నొచ్చుకుంటుంది, చర్చిలో పెద్దమ్మలు ఇప్పటికే నొచ్చుకుంటున్నారు. నొచ్చుకోనివ్వండి. కిందటి ఆదివారం డాక్టరమ్మ ఆయన్ని చూసి, "చొక్కా కొత్తదా, సరిపోయింది" అంది. పాతదే.

మీరూ వెళ్ళదలుచుకుంటే కొల్లేట్లో నీళ్ళు నిండుగా ఉన్న చలికాలంలోనే వెళ్ళండి, గిన్నె పట్టింపు ఉంటే మీది మీరు పట్టుకెళ్ళండి. ఒక్కటి మాత్రం మరిచిపోకండి. మీతో వచ్చినవాళ్ళు మామగారైనా, ఆడబడుచైనా, అత్తగారైనా, వడ్డించడానికి నిలబడకండి. గిన్నె రాగానే ఎదురుగా కూర్చోండి. ఇంకా రాద్దామనుకున్నాను గానీ, పెరటి అరుగు మీద రెండు కంచాలు పెట్టుకుని మామగారు కేకేస్తున్నారు: "అమ్మాయ్, రా, ఉబ్బిపోతోంది!" ఇవాళ వండింది ముద్దపప్పు, ఆవకాయ. పప్పన్నం ఎక్కడైనా ఉబ్బుతుందా? అయినా వెళ్తున్నాను.